సొంత సీఎన్‌సీ రౌటర్: ఫ్రేమ్ బలం తగ్గకుండా వైర్లకు దారి ఇవ్వడం ఎలా

సొంతంగా సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే చెక్కుడు యంత్రం) కట్టుకునేవాళ్లలో చాలామంది ముందు పైపులు కోస్తారు, వెల్డింగ్ చేస్తారు, కదిలే భాగాలు జారే రైల్స్ బిగిస్తారు. వైర్ల సంగతి ఆఖరున గుర్తొస్తుంది. అప్పటికి మిషన్ నిలబడి ఉంటుంది, రంగు కూడా ఆరిపోయి ఉంటుంది. ఇక గ్రైండర్ పట్టుకుని ఎక్కడ అడ్డొస్తే అక్కడ కోయడమే. లేదంటే వైర్లన్నీ జిప్ టైలతో బయట వేలాడదీస్తారు. మొదటి పద్ధతిలో ఫ్రేమ్ బలం పోతుంది. రెండో పద్ధతిలో కొన్ని నెలలకు ఏదో ఒక వైరు లోపల తెగి, తలుపు చెక్కుతుండగా మిషన్ మధ్యలో దారి తప్పుతుంది.

ఈ రెండూ రాకుండా ఉండాలంటే పైపు కోసే ముందే వైరు దారి గీసుకోవాలి. అది ఎలాగో ఇక్కడ వివరంగా చెబుతాను. ఉదాహరణకు 600×1000 మి.మీ. పని విస్తీర్ణం ఉన్న, బెడ్ (చెక్క పెట్టే బల్ల) మీద గాంట్రీ కదిలే రౌటర్ తీసుకుందాం. గాంట్రీ అంటే స్పిండిల్‌ను, అంటే కట్టర్‌ను తిప్పే మోటారును, మోసే అడ్డ దూలం. తలుపు చెక్కడాలు, సైన్ బోర్డులు, అప్పుడప్పుడు అల్యూమినియం పలకలు కోసుకునేంత మిషన్. గాంట్రీకి 80×80 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) స్క్వేర్ పైపు, గోడ మందం 4 మి.మీ. రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊరి ఇనుప దుకాణంలోనో దొరికే సరుకే. కొనేటప్పుడు ఐఎస్ 4923 (ఇలాంటి బోలు ఉక్కు పైపుల భారతీయ ప్రమాణం) ముద్ర ఉందో లేదో చూడండి, గోడ మందాన్ని వెర్నియర్‌తో కొలవండి. 4 అని చెప్పి 3.2 ఇచ్చే దుకాణాలు ఉంటాయి.

ముందుగా: ఇక్కడ బలం అంటే ఏమిటి

రౌటర్ ఫ్రేమ్ విరిగిపోతుందన్న భయం అక్కర్లేదు. ఇంత పైపు ఆ కోత బలానికి విరగదు. అసలు సమస్య వంగడం, మెలి తిరగడం. వెంట్రుక మందమంత కదిలినా కోత అంచు గరుకుగా వస్తుంది, అల్యూమినియం మీద కట్టర్ కీచుమంటుంది. కాబట్టి ఇక్కడ బలం అంటే కదలకపోవడం.

పైన చెప్పిన పైపు మీటరు పొడవుంది, మధ్యలో స్పిండిల్ ఉంది అనుకోండి. కట్టర్ మొన దగ్గర 20 కిలోల తోపుడు పడితే, అంటే సుమారు 200 న్యూటన్లు, పైపు మధ్యలో దాదాపు 0.018 మి.మీ. వంగుతుంది. మొన పైపు మధ్యరేఖకు 200 మి.మీ. కింద ఉంటుంది కాబట్టి అదే తోపుడు పైపును మెలి కూడా తిప్పుతుంది. ఆ మెలి వల్ల మొన ఇంకో 0.014 మి.మీ. దాకా కదులుతుంది. రెండూ దాదాపు సమానమని గమనించండి. చాలామంది వంగడం గురించే ఆలోచిస్తారు. రౌటర్ గాంట్రీలో మెలిది దాదాపు సగం వాటా.

పైపును వైర్ల కోసం పొడవునా చీరితే పోయేది సరిగ్గా ఈ మెలికి ఆగే గుణమే. మూసి ఉన్న చదరపు పైపుతో పోలిస్తే, అదే పైపును ఒక వైపు మొదటి నుంచి చివరి దాకా చీరినప్పుడు మెలికి ఆగే శక్తి సుమారు 270 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. తగ్గిన ఇనుము ఏమంత ఉండదు, అయినా పైపు పైపులా ఉండదు. నమ్మకం కుదరకపోతే బట్టల దుకాణంలో గుడ్డ చుట్టే అట్టగొట్టం ఒకటి తెచ్చుకుని రెండు చేతులతో మెలితిప్పి చూడండి. తర్వాత కత్తితో పొడవునా ఒక్క గీత చీరి మళ్లీ తిప్పండి. లెక్కల కంటే అదే బాగా చెబుతుంది.

చివర్లు వదిలి మధ్యలో మాత్రమే చీరితే నష్టం అంత ఘోరంగా ఉండదు, కానీ ఉంటుంది. ఒక నియమంగా పెట్టుకోండి: బరువు మోసే పైపులో పొడవాటి గాడి వద్దే వద్దు. గుండ్రటి రంధ్రం అయితే, దాని చోటు చూసుకుని, పెట్టుకోవచ్చు.

1. కాగితం మీద మొదట రాయాల్సింది వైర్ల జాబితా

గాంట్రీ మీదికి వెళ్లేవన్నీ రాయండి. ప్రతిదానికీ బయటి మందం కొలిచి రాయండి. ఊహించి రాయొద్దు.

మన ఉదాహరణలో ఎక్స్ (గాంట్రీ వెంట అడ్డంగా నడిపే) మోటారు, జడ్ (పైకీ కిందికీ నడిపే) మోటారు కేబుల్స్ రెండు, నాలుగు తీగల షీల్డ్ (లోహపు తొడుగు) రకం, ఒక్కోటి 7 మి.మీ. దాకా ఉంటుంది. స్పిండిల్ కరెంటు కేబుల్ నాలుగు తీగలు, ఒక్కో తీగ 1.5 చదరపు మి.మీ., షీల్డ్‌తో కలిపి బయటి మందం 10 మి.మీ. దాకా వస్తుంది. ప్రయాణం చివర మిషన్‌ను ఆపే లిమిట్ స్విచ్‌లకు, కట్టర్ ఎత్తు కొలిచే టూల్ ప్రోబ్‌కు సన్న కేబుల్స్ మూడు. స్పిండిల్ నీటితో చల్లబడే రకమైతే 8 మి.మీ. గొట్టాలు రెండు. పొట్టు లాగే పెద్ద పైపు వీటితో కలపకండి, దాన్ని పైనుంచి వేరే కొక్కేనికి వేలాడదీయాలి.

జాబితాలో అతి మందమైన కేబుల్ కింద గీత గీయండి. మిగతా ఫ్రేమ్ కొలతల్లో కొన్ని దాన్నిబట్టే తేలతాయి. ఇక్కడ అది 10 మి.మీ. స్పిండిల్ కేబుల్.

కదిలే చోట ఒంటి తీగ వైరు పనికిరాదు. సన్నటి తీగలు చాలా కలిపి పేనిన రకం కావాలి. ఐఈసీ 60228 (కేబుల్ తీగల అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం క్లాస్ 5 కనీసం, క్లాస్ 6 అయితే ఇంకా మంచిది. ఇంట్లో గోడల్లో వేసి మిగిలిన వైరు వాడుదాం అనుకోవద్దు. అది కదలకుండా ఉండటానికి చేసిన సరుకు.

2. కేబుల్ చైన్ కొలత తేల్చి, ఫ్రేమ్‌లో దానికి చోటు వదలడం

కదిలే వైర్లను లోపల పట్టుకుని వాటితో పాటు మడిచే లింకుల గొలుసే కేబుల్ చైన్. దాన్ని కొనేటప్పుడు అందరూ లోపలి వెడల్పు చూస్తారు. చూడాల్సింది వంపు వ్యాసార్థం. కదిలే కేబుల్‌ను దాని మందానికి 7.5 నుంచి 10 రెట్ల కంటే తక్కువ వ్యాసార్థంలో వంచకూడదు. 10 మి.మీ. కేబుల్‌కు అది 75 నుంచి 100 మి.మీ. ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించే 15×30 చైన్ వంపు 38 మి.మీ. దగ్గర ఉంటుంది. దాంట్లో 10 మి.మీ. కేబుల్ దూరుతుంది, మొదట్లో తిరుగుతుంది కూడా. కానీ ప్రతి కదలికలోనూ లోపలి రాగి తీగలు ఒక్కొక్కటే అలసి తెగుతాయి. బయటి తొడుగు మీద గీత కూడా కనిపించదు. అందుకే ఇలాంటి లోపం పట్టుకోవడం మహా కష్టం.

మనకు 75 వ్యాసార్థం ఉన్న చైన్ తీసుకుందాం. లోపలి ఎత్తు 25, బయటి ఎత్తు సుమారు 35. చైన్ మడత పడినప్పుడు ఎత్తు ఎంతంటే వ్యాసార్థానికి రెండింతలు, దానికి చైన్ బయటి ఎత్తు కలపాలి: 150+35, అంటే 185. కాస్త ఊపిరాడే చోటు కలిపి 200 నుంచి 210 మి.మీ. అనుకోండి. అంటే బెడ్ పక్కన ఆ పొడవునా 200 మి.మీ. ఎత్తు ఖాళీ ఉండాలి. గాంట్రీ కాలు, వై (గాంట్రీని బెడ్ పొడవునా నడిపే) మోటారు, కూలెంట్ డబ్బా ఏవీ ఆ దారిలోకి రాకూడదు. ఈ ఒక్క సంఖ్య ముందే తెలిసి ఉంటే గాంట్రీ కాలి ప్లేటు ఆకారం మొదటిసారే సరిగ్గా గీస్తారు.

పొడవు లెక్క సులువే. చైన్ కదలని కొసను ప్రయాణం సరిగ్గా మధ్యలో బిగిస్తే, ప్రయాణంలో సగం, వ్యాసార్థానికి 3.14 రెట్లు, రెండు లింకుల పొడవు కలిపితే చాలు. 1000 మి.మీ. ప్రయాణానికి 500, 236, ఇంకో 90 కలిపి 826 వస్తుంది. తర్వాతి నిండు లింకు దాకా పెంచుకోండి. అదే కొసను బెడ్ ఒక చివర బిగిస్తే సగం బదులు ప్రయాణం మొత్తం కలపాలి, చైన్ 1300 దాటుతుంది, పై వరస జారి కిందికి వేలాడుతుంది. మధ్యలో బిగించండి. ప్యానెల్ నుంచి బెడ్ మధ్య దాకా వచ్చే వైరు కదలదు కాబట్టి దాన్ని మామూలు కేసింగ్‌లో తెచ్చుకోవచ్చు.

చైన్ లోపల కిక్కిరిసి ఉండకూడదు. ప్రతి కేబుల్ చుట్టూ దాని మందంలో పదో వంతు, నీటి గొట్టం చుట్టూ ఐదో వంతు ఖాళీ వదలండి. మొత్తం మీద లోపలి చోటులో 60 శాతం దాటకుండా చూసుకుంటే సరి. కేబుల్స్ పక్కపక్కన పరుచుకోవాలి. చైన్ లోపల వాటిని ఒకదానికొకటి జిప్ టైతో కట్టొద్దు, వంపు దగ్గర ఒక్కో కేబుల్‌ది ఒక్కో దారి. కట్టేది రెండు కొసల దగ్గరే, అక్కడ మాత్రం గట్టిగా.

3. పైపులో రంధ్రం ఎక్కడ, ఎంత

ఈ గైడ్‌లో అతి ముఖ్యమైన భాగం ఇదే, నింపాదిగా చదవండి.

పైపు వంగినప్పుడు ఒక ముఖం సాగుతుంది, ఎదురు ముఖం నొక్కుకుంటుంది. ఆ రెండింటి నడుమ ఉన్న పక్క గోడల మధ్యరేఖ దగ్గర సాగుడూ ఉండదు, నొక్కుడూ ఉండదు. రంధ్రం ఆ రేఖ మీద పడితే నష్టం చాలా తక్కువ. లెక్క చూడండి. మన 80 పైపులో పక్క గోడ సరిగ్గా మధ్యలో 25 మి.మీ. రంధ్రం పెడితే ఆ చోట వంగుడుకు ఆగే శక్తి అర శాతం కూడా తగ్గదు. అదే రంధ్రం సాగే ముఖం మీద పెడితే 12, 13 శాతం తగ్గుతుంది. రంధ్రం ఒకటే, డ్రిల్లు ఒకటే, తేడా మాత్రం పాతిక రెట్లకు పైన.

అయితే ఏ ముఖం సాగుతుందన్నది తోపుడు దిశను బట్టి మారుతుంది. బెడ్ పొడవాటి పైపుల మీద పడేది ముఖ్యంగా పైనుంచి బరువు. కాబట్టి వాటికి నిలువు పక్క గోడల సగం ఎత్తు సురక్షితమైన చోటు. వైర్లను బెడ్ దాటించాలంటే అక్కడే రంధ్రం వేయండి.

గాంట్రీ సంగతి వేరు. స్పిండిల్ కిందికి గుచ్చినప్పుడు పై, కింది ముఖాలు పనిచేస్తాయి. ముందుకు, వెనక్కి కోసినప్పుడు ముందు, వెనక ముఖాలు పనిచేస్తాయి. అంటే ఏ ముఖమూ ఖాళీగా లేదు. అందుకని గాంట్రీ పైపు నడిమి భాగంలో రంధ్రం పెట్టకపోవడమే మంచిది. వైర్లు పైపు లోపలికి వెళ్లాలంటే చివరి ప్లేటు మధ్యలో నుంచి పంపండి. 80 పైపు చివర వెల్డ్ చేసిన ప్లేటులో నట్టనడుమ 30 నుంచి 35 మి.మీ. రంధ్రం ఉన్నా ఏమీ కాదు, ఎందుకంటే అక్కడ బలమంతా అంచుల్లోని వెల్డ్ గుండా, నాలుగు మూలల బోల్టుల గుండా పోతుంది.

గాంట్రీ మీద మధ్యలో వైరు బయటికి తీయాల్సిందే అనుకుంటే వెనక ముఖం మీద, పొడవులో నాలుగో వంతు దగ్గర, ఒక్కటంటే ఒక్క రంధ్రం పెట్టండి. ఒంటి రంధ్రం వల్ల మొత్తం వంపు పెద్దగా మారదు, ఎందుకంటే అది పాతిక మిల్లీమీటర్ల మేరకే బలహీనం. ఒకటి పెట్టాక ధైర్యం వచ్చి వరసగా ఐదు పెడితే మాత్రం అది గాడితో సమానమవుతుంది.

నేను పాటించే కొలతలు ఇవి. రంధ్రం వ్యాసం పైపు ముఖంలో మూడో వంతు దాటకూడదు. రెండు రంధ్రాల మధ్య దూరం వ్యాసానికి కనీసం మూడింతలు ఉండాలి. వెల్డింగ్ అతుకుకు పైపు వెడల్పంత దూరం లోపల రంధ్రం ఉండకూడదు. ఆకారం గుండ్రంగానే ఉండాలి. దీర్ఘ చతురస్రపు కిటికీ తప్పనిసరైతే నాలుగు మూలలూ గుండ్రంగా తీయండి, మీద 4 మి.మీ. మూత ప్లేటు వేసి దగ్గర దగ్గరగా బోల్టులు బిగించండి. ఆ మూత దుమ్ము ఆపడానికి మాత్రమే కాదు, కోసేసిన గోడ పనిలో కొంత అది చేస్తుంది. అందుకే పల్చటి రేకు, రెండు స్క్రూలు సరిపోవు.

రంధ్రం ఎంత ఉండాలన్నది కనెక్టర్‌ను బట్టి కూడా ఉంటుంది. జీఎక్స్16 అనే గుండ్రటి మర కనెక్టర్ బిగించి ఉన్న కేబుల్‌ను దూర్చాలంటే 22, 25 మి.మీ. కావాలి. కనెక్టర్ తర్వాత బిగిస్తే అదే కేబుల్‌కు 10, 12 చాలు. ఫ్రేమ్‌లోంచి పోయే కేబుల్స్‌కు ముందు దూర్చి తర్వాత టంకం వేసే పద్ధతే నాకు ఇష్టం.

అంచుల గురించి ఒక మాట. హోల్ సా గానీ స్టెప్ డ్రిల్ గానీ వదిలిన అంచు బ్లేడులా ఉంటుంది, గుండ్రటి ఆకురాయితో రెండు వైపులా తీసేయాలి. రంధ్రం అంచుకు తొడిగే మామూలు రబ్బరు గ్రామెట్ పల్చటి రేకు కోసం చేసింది, 4 మి.మీ. గోడ మీద సరిగ్గా కూర్చోదు. ఇక్కడ కేబుల్ గ్లాండ్ (కేబుల్‌ను బిగించి పట్టే మరల తొడుగు) మంచిది. కానీ పైపు మధ్యలో గ్లాండ్ వెనక నట్టు బిగించడానికి చెయ్యి దూరదు. దానికి ఉపాయం ఉంది. ఎం20 గ్లాండ్ అయితే 18.5 మి.మీ. రంధ్రం వేసి, 1.5 పిచ్ ట్యాప్‌తో గోడకే మరలు వేయండి. 4 మి.మీ. గోడలో రెండున్నర మరలు పడతాయి. గ్లాండ్‌కు అంత చాలు, నట్టు అక్కర్లేదు.

4. రైల్ బోల్టులు, పైపు లోపలి వైర్లు

20 సైజు రైల్స్‌కు ప్రతి 60 మి.మీ.కు ఒక ఎం5 బోల్టు వస్తుంది. పైపు గోడకే ట్యాప్ కొట్టి బిగిస్తే, ఆ బోల్టుల కొనలు పైపు లోపలికి పొడుచుకుని వస్తాయి. మీటరు పైపులో రెండు రైల్స్ అంటే ముప్పైకి పైగా ఇనుప కొనలు. వాటి మధ్య నుంచి లాగిన కేబుల్, మిషన్ వణుకుతున్నంత సేపూ వాటిని రాసుకుంటూనే ఉంటుంది. తొడుగు అరిగి ఒకరోజు షీల్డ్ ఫ్రేమ్‌కు తగులుతుంది, ఇంకోరోజు తీగే తగులుతుంది.

బోల్టు పొడవును గోడ దాటి ఒకటి రెండు మరలకు మించకుండా ఎంచుకోండి. అయినా వైర్లను పైపులో ఊరికే వదలకండి. ఇళ్లలో గోడల్లో వేసే 25 మి.మీ. పీవీసీ కండ్యూట్ ఒక ముక్క పైపులోకి దూర్చి, రైల్ లేని ముఖానికి ఆనేలా చివర్ల దగ్గర బిగించండి. వైర్లు దాంట్లో నుంచి పోతాయి. ఒక నైలాన్ దారం కూడా అందులో వదిలేస్తే రేపు కొత్త వైరు లాగడానికి ఫ్రేమ్ విప్పక్కర్లేదు.

రైల్ కోసం 10, 12 మి.మీ. ఫ్లాట్ (ఇనుప పట్టీ) వెల్డ్ చేసి బాలానగర్ లాంటి చోట మిల్లింగ్ చేయించుకునేవాళ్లకు ఈ బాధ లేదు. ఫ్లాట్‌లోనే మరలు ముగిసిపోతాయి. కుదిరితే ఈ పద్ధతే మేలు.

5. పని చేయాల్సిన వరస

వరస తప్పితే కొలతలన్నీ సరిగ్గా ఉన్నా పని చెడుతుంది. ముందు పైపులు కోయాలి. వెంటనే వైర్ల రంధ్రాలన్నీ వేసి అంచులు తీయాలి. ఆ తర్వాతే చుక్క చుక్కగా అతికే ట్యాక్ వెల్డింగ్, మూలమట్టం చూసుకున్నాక పూర్తి వెల్డింగ్. రైల్ కూర్చునే ముఖాల మట్టం తేల్చేది అన్నిటికంటే చివర. మట్టం తేల్చాక పెద్ద రంధ్రం వేసినా, వెల్డింగ్ చుక్క పెట్టినా పైపు ఎంతో కొంత లాగుతుంది. అది కంటికి కనిపించదు, డయల్ గేజ్‌కు (సూక్ష్మ కదలికను ముల్లుతో చూపే పరికరం) కనిపిస్తుంది.

మూలల్లో వేసే త్రికోణపు గస్సెట్ల లోపలి కొనను 20 మి.మీ. మేర కోసేసి వేయండి. మూల వెల్డింగ్‌కు గస్సెట్ అడ్డు రాదు, పైగా కదలని వైరు ఒకటి రెండు పోవడానికి దారి దొరుకుతుంది. గస్సెట్ నడుమ పెద్ద రంధ్రం వేసే కంటే ఇది చాలా మెరుగు.

చైన్ పరుచుకునే ట్రేకు, వైర్ కేసింగ్‌కు, స్విచ్‌ల బ్రాకెట్లకు ఎం4, ఎం5 ట్యాప్‌లు కూడా మట్టం తేల్చే ముందే కొట్టాలి. ట్రేను మాత్రం ఫ్రేమ్‌కు వెల్డ్ చేయకండి. 1.5 నుంచి 2 మి.మీ. రేకును ఎల్ ఆకారంలో వంచి బోల్టులతో తగిలించండి. ట్రే బరువు మోయదు. అందుకే దాంట్లో ఎన్ని గాడులు కోసినా, ఎన్నిసార్లు మార్చినా మిషన్‌కు ఏమీ కాదు. వైర్ల కోసం ఎక్కడైనా కోయాలనిపిస్తే ఫ్రేమ్‌ను వదిలి ట్రేను కోయండి.

ఎలక్ట్రానిక్స్ బిగించాక మళ్లీ వెల్డింగ్ అవసరం పడితే డ్రైవర్లు (మోటార్లను నడిపే సర్క్యూట్లు), కంట్రోలర్, వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని నడిపే పెట్టె) అన్నిటి కనెక్షన్లూ తీసేశాకే వెల్డింగ్ మిషన్ పట్టండి.

6. ఇసుక నింపాలనుకుంటే

వణుకు తగ్గడానికి పైపుల్లో ఎండు ఇసుకో, ఎపాక్సీ కలిపిన గ్రానైట్ పొడో నింపే పద్ధతి బెడ్‌కు బాగా పనిచేస్తుంది. నింపాక వైరు దూర్చలేరు, అందుకని కండ్యూట్‌లు ముందే పెట్టి, చివర్లు టేపుతో మూసి, తర్వాత నింపాలి. ఒక కండ్యూట్ చాలనిపించినా రెండు పెట్టండి. ఇసుకను బాణలిలో వేయించి తడి పూర్తిగా పోగొట్టాలి, లేదంటే పైపు లోపలి నుంచి తుప్పు పడుతుంది.

కదిలే గాంట్రీలో ఇసుక వద్దని నా అభిప్రాయం. మన పైపు మీటరుకు తొమ్మిది, తొమ్మిదిన్నర కిలోలు. దాంట్లో పట్టే ఇసుక ఎనిమిది కిలోల పైమాటే. బరువు దాదాపు రెట్టింపవుతుంది, మోటార్లు ఆ బరువును ప్రతి మలుపులోనూ ఆపి తిప్పాలి. వంగుడూ మెలీ మాత్రం ఇసుక వల్ల తగ్గవు.

7. వైర్లు వేసేటప్పుడు

స్పిండిల్ కేబుల్‌లో వీఎఫ్‌డీ పుట్టించే విద్యుత్ గోల (నాయిస్) చాలా ఎక్కువ. దాన్ని లిమిట్ స్విచ్‌ల వైర్ల పక్కనే పంపితే స్విచ్ తగలకుండానే మిషన్ ఆగిపోతుంది. కదలని చోట్ల రెండింటి మధ్య కనీసం 100 మి.మీ. దూరం పెట్టండి. ఫ్రేమ్‌లో రెండు వైపులా రెండు దారులు ముందే పెట్టుకోమనేది ఇందుకే: ఒక వైపు కరెంటు, ఇంకో వైపు సిగ్నల్. దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. చైన్‌లో అంత దూరం కుదరదు కాబట్టి స్పిండిల్ కేబుల్ ఒక అంచున, సన్న కేబుల్స్ రెండో అంచున, మధ్యలో విభజన పలక.

స్పిండిల్ కేబుల్ షీల్డ్‌ను రెండు కొసల్లోనూ ఎర్త్‌కు కలపాలి. సిగ్నల్ కేబుల్ షీల్డ్‌ను కంట్రోలర్ వైపు మాత్రమే కలపండి. లిమిట్ స్విచ్‌లు నార్మల్లీ క్లోజ్డ్ (తగలనంత సేపూ కరెంటు పారే) పద్ధతిలో ఉంటే వైరు తెగిన వెంటనే మిషన్ ఆగుతుంది. తెగిన సంగతి గాంట్రీ చివర గుద్దుకున్నాక తెలియడం కంటే ఇది నయం.

ఎర్త్ విషయంలో తొందరపడొద్దు. చవక స్పిండిల్స్ చాలావాటిలో నాలుగో పిన్ను లోపల దేనికీ కలిసి ఉండదు. కనెక్ట్ చేసే ముందు మల్టీమీటర్‌తో పిన్నుకూ స్పిండిల్ ఒంటికీ మధ్య చూడండి. మోగకపోతే ఒంటికి వేరుగా ఎర్త్ వైరు వేయాల్సిందే. గాంట్రీ రైల్స్ మీద కూర్చుంది కదా, బేరింగ్‌ల గుండా ఎర్త్ అందుతుందిలే అనుకోవద్దు, మధ్యలో గ్రీజు పొర ఉంటుంది. బెడ్ నుంచి గాంట్రీకి, గాంట్రీ నుంచి జడ్ ప్లేటుకు చైన్ గుండా మెత్తటి ఎర్త్ వైరు వేసి, బోల్టు కింద రంగు గీకి, పళ్ల వాషర్ పెట్టి బిగించండి. వైర్ల పని చేసేటప్పుడు వీఎఫ్‌డీ స్విచ్ ఆపగానే మూత తెరవకండి. లోపలి కెపాసిటర్లలో కరెంటు ఇంకా ఉంటుంది, మాన్యువల్‌లో రాసినంత సేపు, కనీసం పది నిమిషాలు, ఆగండి.

చైన్ గాంట్రీని చేరే చోట ఒక చిన్న జంక్షన్ పెట్టె పెట్టండి. ఎప్పటికైనా తెగేది చైన్‌లోని ముక్కే. పెట్టె ఉంటే ఆ ముక్క ఒక్కటే మారుస్తారు. ఒక్క జాగ్రత్త: కరెంటు ఉండగా స్టెప్పర్ మోటారు కనెక్టర్ పీకితే డ్రైవర్ పోతుంది.

మన షెడ్లలో ఎలుకల గురించి కూడా చెప్పాలి. తెరిచి ఉన్న పైపు చివర వాటికి సిద్ధంగా ఉన్న ఇల్లు. వాడని రంధ్రాలకు, పైపు చివర్లకు ప్లాస్టిక్ మూతలు కొట్టండి. ప్యానెల్‌లోకి వైర్లు వెళ్లే చోట గ్లాండ్‌లు బిగుతుగా ఉంటే బల్లులు కూడా దూరవు. అల్యూమినియం కోసేవాళ్లకు ఇది ఇంకా అవసరం, సన్నటి అల్యూమినియం పొడి కనెక్టర్లో చేరితే షార్ట్ అవుతుంది.

8. పరీక్ష

వైర్లు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి ఫ్రేమ్‌ను కొలవండి. మాగ్నెటిక్ బేస్ బెడ్ మీద పెట్టి, డయల్ గేజ్ ముల్లు స్పిండిల్ మొన దగ్గర ఆనించండి. సామాను తూచే వేలాడే కాటా మొనకు తగిలించి 10 కిలోలు లాగండి. రీడింగ్ రాసుకోండి. ఎక్స్, వై రెండు దిశల్లోనూ, గాంట్రీని బెడ్ మధ్యలోనూ చివర్లోనూ పెట్టి చూడండి. బోల్టులు, బేరింగ్‌లు, కాళ్లు అన్నీ కొంచెం కొంచెం కదులుతాయి కాబట్టి పైపు లెక్క కంటే రీడింగ్ ఎక్కువే వస్తుంది, కంగారు పడొద్దు. కాటా వదిలాక ముల్లు మొదటి చోటికి తిరిగి రాకపోతే మాత్రం ఎక్కడో బోల్టు జారుతోంది. రంధ్రాలను అనుమానించే ముందు బోల్టులు చూడండి.

వైర్ల పరీక్షకు కరెంటు ఆపి, గాంట్రీని చేత్తో ఒక చివర నుంచి ఇంకో చివరకు నెమ్మదిగా నెట్టండి. చైన్ ఎక్కడా పక్కకు వాలకూడదు, దేన్నీ రాసుకోకూడదు, చివర్లో కేబుల్ బిగుసుకోకూడదు. తర్వాత ఒక్కో కేబుల్ దూరపు కొసలో రెండు తీగలు కలిపి, దగ్గరి కొసలో మల్టీమీటర్ శబ్దం మోడ్‌లో పెట్టి, గాంట్రీని మళ్లీ నెట్టండి. మోత మధ్యలో ఒక్క క్షణం ఆగినా ఆ కేబుల్‌లో లోపం ఉన్నట్టే.

అన్నీ సరిపోయాక ఖాళీగా, స్పిండిల్ తిరుగుతుండగా, గంటసేపు అటూ ఇటూ నడిపించండి. ఆపాక చైన్ తెరిచి చూడండి. కేబుల్స్ మీద తెల్లటి పొడి కనిపిస్తే తొడుగు రాసుకుంటోందని అర్థం. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే విభజన పలకలు చాలలేదు. మొదటి నెల వారానికోసారి, తర్వాత రైల్స్‌కు గ్రీజు పెట్టిన ప్రతిసారీ చైన్ రెండు కొసల దగ్గరి కట్లు, ఎర్త్ బోల్టులు చూసుకోండి. వైర్ల పటం ఒకటి, ఏ రంగు తీగ ఏ పిన్నుకో రాసి, ప్యానెల్ తలుపు లోపల అతికించండి.